పట్టాకు తొడిగిన ప్లాస్టిక్

చదువుకోవడానికి జర్మనీ వచ్చే పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, ఇక్కడ ముందుగా ఏం తెలుసుకోవాలి ఆంటీ అని. భాష అంటాను. చలికి మంచి బూట్లు అంటాను. మూడోది చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు కొంచెం తగ్గుతుంది: సర్టిఫికెట్లకు ల్యామినేషన్ చేయించకండి. మొదటి రెండూ ఎవరైనా చెబుతారు. మూడోది చెప్పే హక్కు నాకు ఎలా వచ్చిందో ఇప్పుడు రాస్తున్నాను.

నేను పద్దెనిమిదేళ్లు ఒక విశ్వవిద్యాలయపు వైద్య గ్రంథాలయంలో పనిచేశాను. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం, వెన్ను మీద నంబరు చీటీ అంటించడం, చిరిగిన పేజీలు అతకడం, తిరిగొచ్చిన వాటిని అరల్లో సర్దడం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఈ దేశం వచ్చేనాటికి నా చదువు ఇంటర్మీడియట్. జర్మన్ భాషను ఊరి గ్రంథాలయంలో పిల్లల విభాగంలో, మోకాళ్లెత్తు కుర్చీలో కూర్చుని, బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాను. వైద్య గ్రంథాలయంలో చేరాక నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. చేతిలోకి వచ్చిన ఏ పుస్తకాన్నీ కనీసం ముందుమాట, విషయసూచిక చదవకుండా అరలో పెట్టకూడదని. మూత్రపిండాల గురించి ఇవాళ్టికీ నేను ఒక గంట మాట్లాడగలను. మా ఆయన ఆ అవకాశం నాకు ఇవ్వరు, అది వేరే సంగతి.

డిగ్రీ లేనివాళ్లకు డిగ్రీ కాగితం మీద ఉండే భక్తి ఉన్నవాళ్లకు ఉండదు. నా ఇంటర్ మార్కుల మెమోను తెనాలిలో మా ఇంటి చెక్కబీరువాలో చెదలు తినేశాయి. అంచులు మాత్రం మిగిల్చాయి. అందుకే మా గ్రంథాలయంలో అరల పేర్ల బోర్డులకు వాడే ల్యామినేషన్ యంత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బీరువాయే. మన ఊళ్లలో పదో తరగతి మెమో చేతికొచ్చిన మర్నాడు ల్యామినేషన్ కోసం జిరాక్స్ షాపుకు వెళ్లని ఇల్లు ఉండదు కదా. ఇక్కడికి వచ్చి చదువు పూర్తిచేసిన మన పిల్లలు వెళ్లేముందు నాకు పట్టా చూపించడానికి వచ్చేవారు. నేను ప్లాస్టిక్ కవరు నా డబ్బుతో కొని, మా పైఅధికారి అనుమతితో, ఆ పట్టాను యంత్రంలోంచి తీసి వేడివేడిగా చేతిలో పెట్టేదాన్ని. నా ఆశీర్వాదం అదన్నమాట.

మా గదిలో నాతోపాటు ఒక బైండరు ఉండేవాడు. అరవై దాటిన మనిషి, తూర్పు జర్మనీ రోజుల్లో పని నేర్చుకున్నవాడు. పాత పుస్తకాలను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, ఆరే దాకా కిటికీ దగ్గర నిలబడేవాడు. యంత్రం దగ్గర నన్ను చూసి ఒకసారి అన్నాడు, "కాగితానికి గాలి కావాలండి. మీరు దాన్ని సీసాలో పెట్టి మూత బిగిస్తున్నారు."

"మా దేశపు చెదపురుగుల్ని మీరు చూడలేదు," అన్నాను.

"ఇక్కడ చెదపురుగులు లేవు కదా."

ఆ వాదన అక్కడితో ఆగిపోయింది. విలువైన పుస్తకానికి ప్లాస్టిక్ అంటించకూడదని నేను మూడు పుస్తకాల్లో చదివాను. పట్టా కూడా కాగితమే అన్న ఆలోచన మాత్రం రాలేదు.

అలా నా దగ్గరికి పుస్తకాలకు వచ్చే పిల్లల్లో ఒకమ్మాయిది జనగామ దగ్గరి ఊరు. రెండుసార్లు మెడిసిన్ ఎంట్రన్స్ రాసి, రెండుసార్లూ కొద్దిలో సీటు పోగొట్టుకుని, మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, ఇక్కడ ఆరోగ్య శాస్త్రాల్లో మాస్టర్స్ చేయడానికి వచ్చింది. మాస్టర్స్ అయ్యాక ఇక్కడే మెడిసిన్ మొదటి సంవత్సరంలో చేరాలన్నది ఆమె పట్టు. అమెరికాలో అలా ఒక మాస్టర్స్ చేసి మెడికల్ కాలేజీకి వెళ్లేవాళ్లు ఉన్నారట. ఇక్కడ మాత్రం విన్నవాళ్లంతా ఆమెను వింతగా చూసేవారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే వాళ్ల బాబాయి ఫోన్లో అన్న మాటలు ఆమే నవ్వుతూ చెప్పింది: "మాస్టర్స్ చేసి పోయి ఫస్టియర్ల కూసుంటవా బిడ్డా? నీ క్లాసోళ్లు నిన్ను ఆంటీ అని పిలుస్తరు."

"మరి నువ్వేమన్నావు?"

"పిలిస్తే పలుకుత అన్న."

కరోనా వచ్చి గ్రంథాలయం మూసేసిన రోజుల్లో మేము కిటికీ దగ్గర పుస్తకాలు ఇచ్చేవాళ్లం. కావలసినవి ముందుగా రాసి పంపితే, మేము సంచిలో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచేవాళ్లం. ఆమె అడిగిన వాటితోపాటు నేను అడగనివి కూడా రెండు వేసేదాన్ని. శరీర నిర్మాణం మీద పిల్లల కోసం రాసిన జర్మన్ పుస్తకాలు, నేను ఎక్కిన మెట్లు. మెడిసిన్ మొత్తం జర్మన్‌లోనే చదవాలి కాబట్టి ఆమె ఆ మెట్లన్నీ ఎక్కింది. ఏడాది తిరిగేసరికి నా జర్మన్‌లో తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. మొదట్లో నాకు అది అంతగా నచ్చలేదని ఒప్పుకుంటున్నాను.

ఆ భాష, ఆ చదువు చూసి ఊరి ఆరోగ్య శాఖ ఆమెను ఫోన్ల పనికి తీసుకుంది. కరోనా సోకినవాళ్లకు ఫోన్ చేసి, రెండు రోజుల ముందు నుంచి ఎవరెవరిని కలిశారో అడిగి, వాళ్లందరినీ హెచ్చరించడం ఆ పని. ఒకరోజు సంచి తీసుకుంటూ చెప్పింది.

"నిన్న ఒకాయనకు ఫోన్ చేసిన ఆంటీ. రెండు గదుల ఇంట్ల తొమ్మిదిమంది ఉంటరట. మీరు విడిగా ఉండాలె అన్న. ఏ గదిల ఉండమంటవో నువ్వే చెప్పమ్మా అన్నడు."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పాలె? మా ఆఫీసుతోని మాట్లాడి ఒక హాస్టల్ల గది ఇప్పిచ్చిన." సంచి భుజానికి తగిలించుకుని, "మెడిసిన్ సీటు రాలేదని ఈ కోర్సుకు వచ్చిన నేను. ఇప్పుడు ఈ కోర్సు చదివినందుకే మెడిసిన్ కావాలంటున్న. మందు రాసే ముందు ఇంట్ల ఎన్ని గదులున్నయో అడిగే డాక్టర్ కావాలె," అంది.

నేను ఎన్నో ముందుమాటలు చదివాను. అంత సూటిగా రాసినవి తక్కువ.

మాస్టర్స్ పూర్తయింది. పట్టా పోస్టులో వచ్చింది. సభ లేదు, నల్ల గౌను లేదు, ఫొటో లేదు. ఆమె కిటికీ దగ్గరికి తెచ్చి, కవరులోంచి తీసి చూపించింది. దళసరి కాగితం, కింద సంతకం, పక్కన ఉబ్బెత్తు ముద్ర. రెండేళ్ల కష్టానికి ఇంత మూగగా ముగింపు ఏమిటని నాకు మనసు ఉసూరుమంది.

"ఇలా ఇవ్వమ్మాయ్, రెండు నిమిషాలు," అన్నాను.

"ఏం చేస్తరు?"

"చూస్తావుగా."

చూసింది. మెరిసిపోతున్న పట్టాను రెండు చేతులతో అందుకుంది. ముఖానికి మాస్కు ఉన్నా కళ్లు నవ్వాయి. బైండరు తన బల్ల దగ్గర నుంచి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టాలంటే అన్ని పట్టాలకూ ప్రభుత్వ ముద్రతో ధ్రువీకరించిన నకళ్లు పంపాలి. గడువు తేదీకి కాగితాలు అక్కడికి చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కవరు విప్పరు. ఇండియా పట్టాల నకళ్లు ముద్రలతో ఆమె దగ్గర ముందే ఉన్నాయి. మిగిలింది ఈ ఒక్కటే. టెర్మిన్ కోసం, అంటే ముందుగా రాయించుకోవలసిన సమయం కోసం, మూడు వారాలు ఎదురుచూసి ఊరి పౌర సేవల కార్యాలయానికి వెళ్తే, గాజు పలక వెనకున్న ఉద్యోగి పట్టాను అటూ ఇటూ వంచి చూసి తిరిగి ఇచ్చేసింది. ప్లాస్టిక్ తొడిగిన కాగితం అసలుదో కాదో చెప్పలేము, ముద్ర చేతికి తగలదు, కాబట్టి నకలు మీద సంతకం పెట్టము అంది. అది ఆ కార్యాలయం కరపత్రంలో రాసే ఉందట. గుమ్మం దగ్గర ఊరికే పెట్టిన కరపత్రం. ఊళ్లో అచ్చయిన కాగితం ప్రతిదీ చదివానని అనుకునే నేను అది చదవలేదు.

గడువుకు తొమ్మిది రోజులు ఉన్నాయి. వాళ్ల నాన్న పొలం పని చేసుకునే మనిషి. ఒక్కసారి ప్రయత్నించు, రాకపోతే ఉద్యోగం చూసుకో అని మాట తీసుకున్నాడు. ఆ ఒక్కసారీ ఇదే.

ఆమె నేరుగా మా కిటికీకి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. బైండరు దగ్గరికి పట్టా తీసుకెళ్లి, దీన్ని విప్పగలరా అని అడిగాను. ఆయన దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. నేను చెప్పానుగా అన్న మాట ఆయన నోటి దాకా వచ్చే ఉంటుంది. రానివ్వలేదు.

"వేడి చేసి విప్పవచ్చు. సగం సార్లు సిరా ప్లాస్టిక్‌తో లేచొస్తుంది. మీరు చేయమంటే చేస్తాను. నా కూతురిదైతే మాత్రం చేయను," అన్నాడు.

ఆమె కిటికీ అవతలి నుంచే వద్దంది.

పట్టా ఇచ్చిన పరీక్షల కార్యాలయం మూసి ఉంది. అందరూ ఇంటి నుంచి పని. ఫోను ఎవరూ ఎత్తరు. మెయిలుకు ఆరు వారాల్లో జవాబిస్తామని ఆ క్షణంలోనే జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసింది. ఓదార్పు మాటలు ఏం చెప్పాలా అని నేను కూడబలుక్కుంటుంటే, ఆమె ఆరోగ్య శాఖ గొంతుతో మొదలుపెట్టింది.

"ఆంటీ, ఇంకా ఎవరెవరివి చేసిండ్రు?"

"ఏమిటమ్మా?"

"ల్యామినేషన్. మీరు మొదటి కేసు. ఎవరెవరికి అంటించిండ్రో నాకు పేర్లు కావాలె. యాదికి తెచ్చుకోండ్రి. తొందరేం లేదు."

"నీ పని చూసుకోక, ఇప్పుడు వాళ్ల గొడవ నీకెందుకమ్మా?"

"వాళ్లకు కూడా ఏదో ఒకరోజు టెర్మిన్ ఉంటది కదా ఆంటీ. ఆ కిటికీ దగ్గర నిలబడ్డంక తెలుస్తే ఏం లాభం?"

చెప్పాను. పేర్లు అంత సులువుగా రాలేదు. గోంగూర పచ్చడి తెచ్చినవాడు, నా గొడుగు పట్టుకెళ్లి మాగ్డెబర్గ్ నుంచి పోస్టులో తిప్పి పంపినవాడు, పట్టా చూపించి ఏడ్చిన పిల్ల, ఇలా వెనక్కి వెళ్తూ ఒక్కొక్కరినీ పట్టుకున్నాం. మధ్యమధ్యలో ఆమె, "ఆ రోజు ఇంకెవరన్నా పక్కన ఉండెనా?" అని అడిగేది. అలా అడిగినందుకే మరో ఇద్దరు బయటపడ్డారు. మొత్తం పన్నెండు మంది తేలారు. నా ఆశీర్వాదాల జాబితా అది.

రెండు రోజుల్లో ఆమె పన్నెండు మందికీ ఫోన్ చేసింది. పొద్దున ఆరోగ్య శాఖ ఫోన్లు, మధ్యాహ్నం నా ఫోన్లు. మీ దగ్గరున్న పట్టా ఏ ఆఫీసులోనూ చెల్లకపోవచ్చు, ఇప్పుడే రెండో ప్రతికి ఉత్తరం రాయండి అని అందరికీ ఒకే మాట. ఆరోవాడు ష్వైన్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. విషయం చెప్పగానే నవ్వాడట.

"నాకు పోయినేడే తెలిసింది అక్కా. ఉద్యోగం మారేటప్పుడు ఇరుక్కుపోయాను. పరీక్షల ఆఫీసులో ఒకావిడ ఉంది. మెయిల్ రాస్తే లాభం లేదు. ప్రతి గురువారం పొద్దున్నే పోస్టు పెట్టె ఖాళీ చేయడానికి వస్తుంది. పట్టా అసలు నమోదు వాళ్ల ఫైల్లోనే ఉంటుంది కాబట్టి, ఫైలు చూసి నకలు మీద వాళ్లే ముద్ర వేసివ్వచ్చు. అది ఎక్కడా రాసి ఉండదు."

"మరి ఆంటీకి ఎందుకు చెప్పలే?"

"ఎలా చెప్తాం అక్కా? అంత ప్రేమగా చేసిచ్చింది. బాధపడుతుందని ఊరుకున్నా."

అతనొక్కడే కాదు. పన్నెండు మందిలో ముగ్గురు ఇలా ఇరుక్కున్నవాళ్లే. ముగ్గురూ నా మొహం మీద ఒక్క మాట అనలేదు. పండక్కి ఫోన్ చేసి బాగున్నారా ఆంటీ అన్నారు. వాళ్లు అలా ఊరుకోబట్టే నేను ఆ తర్వాత కూడా యంత్రం ముందు నిలబడ్డాను. పెద్దవాళ్ల తప్పును గౌరవం కొద్దీ దాచిపెడితే అది కూడా మనిషి నుంచి మనిషికి పాకుతుందని నాకు ఆ వారంలో తెలిసింది. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. తెనాలిలో పెరిగిన నేనైనా అదే చేసేదాన్ని. నాకు ముఖాముఖి చెప్పినది జనగామ పిల్ల ఒక్కతే. చెప్పడంలో కోపం లేకపోవడం ఇంకా పెద్ద సంగతి.

గురువారం పొద్దున ఏడింటికి నేనూ ఆమే ఆ కార్యాలయం గుమ్మం దగ్గర, ఒకరికొకరు దూరంగా, మాస్కులతో నిలబడ్డాం. నేను రానక్కర్లేదంది. నా తప్పు చెప్పుకోవడానికి నేను ఉండాలన్నాను. ఏడున్నరకు ఒక పెద్దావిడ సైకిల్ మీద వచ్చింది. బుట్టలో కాఫీ ఫ్లాస్కు. మమ్మల్ని చూసి సైకిల్ దిగకుండానే అడిగింది.

"టెర్మిన్ ఉందా?"

"లేదండీ," అంది అమ్మాయి.

"నేను పోస్టు తీసుకోవడానికే వస్తాను. ఎవరినీ కలవను."

"ఇది పోస్టేనండీ. పెట్టెలో వేయకుండా చేతికి ఇస్తున్నాను," అని కవరు చాచింది. అందులో అన్నీ వరుసగా ఉన్నాయి. విన్నపం, పాస్‌పోర్టు నకలు, పట్టా నకళ్లు, గడువు తేదీ రాసిన కాగితం, ఇంతకుముందు ఈ కార్యాలయమే ఇలా ముద్ర వేసిచ్చిన ష్వైన్‌ఫర్ట్ అబ్బాయి కాగితం ఫొటో. అన్నిటికీ వెనక నేను ప్లాస్టిక్ తొడిగిన పట్టా.

ఆవిడ పట్టాను పైకెత్తి వెలుతురులో చూసింది. "ఎవరు చేశారిది?"

"నేనే," అన్నాను.

"మీరు ఏం పని చేస్తారు?"

"విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో."

ఆవిడ నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. "పుస్తకాలకు కూడా ఇలాగే చేస్తారా?"

"లేదండీ. పుస్తకాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాం."

మాస్కు లోపల ఏం జరిగిందో తెలియదు కానీ ఆవిడ భుజాలు రెండుసార్లు కదిలాయి. తలుపు తాళం తీస్తూ అమ్మాయిని అడిగింది, "మాస్టర్స్ అయిపోయిందిగా. మళ్లీ ఆరేళ్ల చదువు దేనికి?"

ఆమె తొమ్మిదిమంది, రెండు గదుల కథ చెప్పింది. మెట్ల మీద నిలబడి, తొందర లేకుండా, నేను కలలో కూడా మాట్లాడలేని జర్మన్‌లో. ఆవిడ తాళం చేత్తో పట్టుకుని చివరి దాకా విన్నది. తర్వాత ఫైళ్ల గది కింది అంతస్తులో ఉంది, సేపు పడుతుంది, ఆ బెంచీ మీద కూర్చోండి అంది.

రెండు గంటలు కూర్చున్నాం. ఎండ వచ్చింది. నేను సంచిలోంచి జంతికలు తీశాను. తనొకటి తీసుకుని, కాసేపటికి మరొకటి తీసుకుంది. తలుపు తెరుచుకుని ఆవిడ మూడు నకళ్లతో బయటికి వచ్చింది. ఒక్కొక్కదాని మీద సంతకం, ఉబ్బెత్తు ముద్ర. నా చేయి దానంతట అదే ముందుకు వెళ్లింది, ముద్ర తగులుతుందా లేదా చూద్దామని.

"ముట్టకండ్రి ఆంటీ," అంది, మెల్లగానే.

ఆ మధ్యాహ్నమే రిజిస్టర్ పోస్టులో వెళ్లాయి. గడువుకు రెండు రోజుల ముందే చేరాయి.

మర్నాడు బైండరు నాకు ఒక పని నేర్పాడు. ఆమ్లం లేని కాగితాన్ని జిగురు లేకుండా నాలుగు మడతలు వేస్తే పట్టా పట్టే కవరు అవుతుంది. గాలి ఆడుతుంది, దుమ్ము చేరదు. మొదటి పన్నెండు కవర్లు మడిచి పన్నెండు మందికీ పంపాను, రెండో ప్రతి వచ్చాక ఇందులో పెట్టుకోండి అని, క్షమించమని. ష్వైన్‌ఫర్ట్ అబ్బాయి ఫోన్ చేసి, "అయ్యో ఆంటీ, ఇవన్నీ ఎందుకు," అన్నాడు. ఇకమీదట నా తప్పు నాకే చెప్పమన్నాను. వెంటనే, "అయితే మీరు పంపిన నిమ్మకాయ పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

వేసవి దాటింది. గ్రంథాలయం మళ్లీ తెరిచారు. కిటికీ పద్ధతి పోయి, నా బల్ల ముందు నిలువెత్తు పారదర్శకపు ప్లాస్టిక్ పలక ఒకటి బిగించారు. ఒక మధ్యాహ్నం నేను చీటీలు అంటిస్తుంటే పలక మీద ఎవరో వేలితో తట్టారు. ఆ అమ్మాయి. రొప్పుతోంది, బస్సు కోసం కూడా ఆగకుండా వచ్చినట్టుంది. సంచిలోంచి నేను మడిచిన రకం కవరే తీసింది. అందులోంచి ఒక కాగితం. పైన మెడిసిన్ విభాగం పేరు, కింద ఆమె పేరు, మధ్యలో మొదటి సెమిస్టర్ అన్న మాట.

నేను లేచి, అలవాటు కొద్దీ పలక పక్కనున్న సందులోంచి చేయి చాచాను. ఆమె కాగితాన్ని వెనక్కి లాక్కుని, పలకకు అవతలి వైపు నుంచి ఆనించి పట్టుకుంది.

"ఇట్లనే చదువుండ్రి ఆంటీ. ఈసారి ప్లాస్టిక్ మీకు, కాగితానికి కాదు."

మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా, ప్లాస్టిక్ వెనక నిలబడి, రెండుసార్లు చదివాను.